విద్యా రుణం తీర్చే దారి: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు కుటుంబాలకు సమగ్ర మార్గదర్శి

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగు ఇళ్లలో పిల్లల ఇంజనీరింగు, ఫార్మసీ, నర్సింగు చదువులకు బ్యాంకు అప్పు తీసుకోవడం కొత్త విషయం కాదు. అందుకు మన ప్రాంతానికే చెందిన కారణం ఒకటి ఉంది. మన పిల్లలు చాలామంది ఇచ్ఛాపురం దాటి శ్రీకాకుళం, విజయనగరం, విశాఖపట్నం కళాశాలల్లో చేరతారు, ఎందుకంటే ఇంట్లో మాట్లాడే భాష అక్కడ వినిపిస్తుంది, చుట్టాలు అక్కడే ఉంటారు. అయితే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఇచ్చే ఫీజు రీయింబర్స్‌మెంటు ఆ రాష్ట్రంలో నివాసం ఉన్నవారికే వర్తిస్తుంది. అదే తరగతిలో పక్కన కూర్చున్న పిల్లవాడి ఫీజు ప్రభుత్వం చెల్లిస్తే, మన పిల్లవాడి ఫీజు అప్పుగా మిగులుతుంది.

నేను బరంపురంలో పుట్టి పెరిగాను. నా చదువు రుణం తీరడానికి తొమ్మిదేళ్లు పట్టింది. అందులో కనీసం రెండేళ్లు కేవలం తెలియకపోవడం వల్ల పోయాయి. నాకు రావలసిన వడ్డీ రాయితీ కోసం ఆదాయ ధ్రువపత్రం ఇవ్వాలని మా బ్యాంకు శాఖలో ఎవరూ చెప్పలేదు, నేనూ అడగలేదు. గత కొన్నేళ్లుగా మా వీధిలోనూ, చుట్టాల ఇళ్లలోనూ ఇటువంటి కాగితాలు చూసి పెడుతున్నాను. ఆ అనుభవంతోనూ, రిజర్వు బ్యాంకు నిబంధనలు చదివిన మేరకూ ఈ మార్గదర్శి రాస్తున్నాను.

ముందుగా మాఫీ మాట

మన వైపు విద్యా రుణం అనగానే మొదట వినిపించే ప్రశ్న, "మాఫీ ఎప్పుడు వస్తుంది?" అన్నదే. రైతు రుణమాఫీలు చూసిన కళ్లతో విద్యా రుణాన్నీ చూడటం సహజమే, కానీ దేశంలో విద్యా రుణాల అసలును అందరికీ రద్దు చేసే పథకం ఏదీ లేదు. కేరళ ప్రభుత్వం 2017లో బాకీ పడిన విద్యార్థుల కోసం చెల్లింపు సహాయ పథకం ఒకటి తెచ్చింది, అది ఆ రాష్ట్ర విద్యార్థులకు మాత్రమే.

ఫోన్లలో తిరిగే అమెరికా వార్తలు ఈ అయోమయాన్ని ఇంకా పెంచుతున్నాయి. అక్కడ ప్రజాసేవా ఉద్యోగాల్లో ఉంటూ 120 నెలసరి చెల్లింపులు చేసినవారికి మిగిలిన బాకీ రద్దయ్యే పథకం 2007 నుంచి ఉన్నమాట నిజమే. కానీ అది అమెరికా కేంద్ర ప్రభుత్వం నేరుగా ఇచ్చిన రుణాలకే వర్తిస్తుంది. విద్యార్థి వీసా మీద వెళ్లిన మన పిల్లలకు ఆ ప్రభుత్వ రుణాలు దొరకవు. వాళ్లు తీసుకున్నది మన ఊరి బ్యాంకు శాఖలో, మన ఇంటి పత్రాల మీద. అక్కడ ప్రకటించిన భారీ మాఫీని సైతం అమెరికా సుప్రీంకోర్టు 2023 జూన్ 30న కొట్టివేసింది. కాబట్టి ఆ వార్తలు చూసి ఇక్కడ వాయిదా ఆపితే ఏ లాభమూ ఉండదు, వడ్డీ మాత్రం నడుస్తూనే ఉంటుంది.

మన దగ్గర ఉన్న ఉపశమనం అంతా దాదాపుగా వడ్డీలోనూ, గడువులోనూ ఉంది. దాన్ని పూర్తిగా రాబట్టుకోవాలంటే సమయానికి అడగాలి, రాతపూర్వకంగా అడగాలి.

మొదటి అడుగు: కాగితాలు ఒకచోట పెట్టుకోవడం

ఈ పని చిన్నదిగా కనిపిస్తుంది గాని మన ప్రాంతంలో సగం చిక్కులు ఇక్కడే మొదలవుతాయి. రుణ మంజూరు పత్రం, విడతలవారీగా కళాశాలకు చెల్లించిన వివరం, మొదటి రోజు నుంచి ఈరోజు వరకు ఖాతా స్టేట్‌మెంటు, తనఖా పెట్టి ఉంటే ఆ పత్రాల జాబితా బ్యాంకు నుంచి తెచ్చుకోండి. మంజూరు పత్రంలో వెతకవలసినవి వడ్డీ రేటు స్థిరమా, మారేదా అన్నది, వాయిదాలు మొదలయ్యే తేదీ, మొత్తం ఎన్ని నెలల్లో తీర్చాలన్నది, సహరుణగ్రహీత (రుణానికి విద్యార్థితో పాటు బాధ్యత వహిస్తూ సంతకం పెట్టినవారు) ఎవరన్నది. 2024 అక్టోబరు 1 తరువాత మంజూరైన రుణమైతే, ముఖ్య వివరాల పత్రం ఒకటి ఇచ్చి తీరాలి. దాన్ని రుణగ్రహీతకు అర్థమయ్యే భాషలో రాసి, వివరించి చెప్పాలని రిజర్వు బ్యాంకు ఆదేశించింది. ఒడియా చదవలేని, ఇంగ్లీషు రాని తల్లి సహరుణగ్రహీతగా సంతకం పెడుతున్నప్పుడు తెలుగులో ఇమ్మని అడగడం మీ హక్కు, మొహమాటపడవలసిన పని లేదు.

బ్యాంకు పేరు మారి ఉండవచ్చన్నది కూడా గుర్తుంచుకోండి. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో విలీనమైంది. ఉత్కళ గ్రామీణ బ్యాంకు, ఒడిశా గ్రామ్య బ్యాంకు కలిసి 2025 మే 1 నుంచి ఒడిశా గ్రామీణ బ్యాంకు అయ్యాయి. పాత పాస్‌బుక్కులోని ఖాతా సంఖ్య, ఐఎఫ్‌ఎస్‌సీ కోడ్ ఇప్పటికీ పనిచేస్తున్నాయో లేదో, మీరు ఇచ్చిన ఆటో డెబిట్ అనుమతి నడుస్తోందో లేదో శాఖకు వెళ్లి ఖాయం చేసుకోండి.

ఇక పేర్ల సంగతి. ఆంధ్ర కళాశాల మార్కుల జాబితాలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందు ఉంటుంది, ఒడిశాలో తీసుకున్న ఆధార్‌లో అదే ఇంటిపేరు పూర్తిగా చివర ఉంటుంది. ఒడియాలో వకారం బకారంగా పలకడం వల్ల "వెంకట" కాస్తా కొన్ని కాగితాల్లో "బెంకట" అవుతుంది. పర్లాకిమిడి దగ్గరి ఒక కుటుంబం తెచ్చిన కవరులో తండ్రి పేరు మూడు కాగితాల్లో మూడు రకాలుగా ఉండటం నేను చూశాను: రెవెన్యూ రికార్డులో ఒకటి, ఆదాయ ధ్రువపత్రంలో ఒకటి, పాన్ కార్డులో ఇంకొకటి. ఆ ఒక్క కారణం మీద వాళ్ల వడ్డీ రాయితీ దరఖాస్తు వెనక్కి వచ్చింది. ఈ పేర్లన్నీ ఒకే మనిషివని తెలిపే అఫిడవిట్‌ను ముందే చేయించి, దాని నకలు ప్రతి దరఖాస్తుకూ జతచేయండి. తరువాత తీరికగా ఆధార్, పాన్ రెండూ ఒకే తీరుకు మార్పించుకోండి.

చిరునామా కూడా అంతే ముఖ్యం. మన గంజాం జిల్లా నుంచి పని కోసం సూరత్‌కో, విశాఖకో ఇల్లు మారిన కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. బ్యాంకు నోటీసు పాత చిరునామాకు వెళ్లి, తాళం వేసిన తలుపు ముందు నుంచి తిరిగిపోయినా, గడువు మాత్రం నడుస్తూనే ఉంటుంది. కొత్త చిరునామా, ఫోను నంబరు రాసి ఇచ్చి, నకలు మీద శాఖ ముద్ర వేయించుకోండి.

రెండో అడుగు: విరామ కాలాన్ని లెక్కకట్టడం

భారత బ్యాంకుల సంఘం రూపొందించిన నమూనా పథకం ప్రకారం, చదువు సాగినంత కాలం, ఆపైన మరో ఏడాది, వాయిదాలు కట్టనక్కరలేదు. ఈ విరామ కాలాన్నే మారటోరియం అంటారు. ఆ తరువాత 15 ఏళ్ల వరకు తీర్చుకోవచ్చు. వాయిదా లేదంటే వడ్డీ లేదని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. ఆ కాలంలో బారువడ్డీ లెక్కలో వడ్డీ పేరుకుంటుంది, వాయిదాలు మొదలయ్యే రోజున అదంతా అసలులో కలుస్తుంది.

ఒక లెక్క చూద్దాం. నాలుగేళ్ల ఇంజనీరింగుకు ఏటా లక్ష చొప్పున 4 లక్షలు, 10 శాతం వడ్డీకి తీసుకున్నారనుకోండి. చదువు నాలుగేళ్లు, ఆపైన ఒక ఏడాది, మొత్తం ఐదేళ్ల విరామం. మొదటి లక్షకు ఐదేళ్ల వడ్డీ, రెండో లక్షకు నాలుగేళ్లది, మూడోదానికి మూడేళ్లది, నాలుగోదానికి రెండేళ్లది, మొత్తం 1 లక్షా 40 వేలు. అంటే తీర్చడం మొదలుపెట్టే రోజున మీ బాకీ 5 లక్షల 40 వేలు. పదేళ్లలో తీర్చాలంటే నెలకు దాదాపు 7,136 రూపాయలు. విరామంలో పడిన వడ్డీ ఏదో ఒక విధంగా ముందే తీరిపోయి, కేవలం 4 లక్షలతో మొదలుపెడితే నెలకు దాదాపు 5,286 రూపాయలు చాలు. పదేళ్ల మొత్తంలో తేడా 2 లక్షల 22 వేలు. నా తొమ్మిదేళ్ల పాఠమంతా ఈ తేడాలోనే ఉంది.

కాబట్టి చదువుతున్న కాలంలోనే, వీలైనంతవరకు, నెలనెలా వడ్డీ కట్టండి. పై లెక్కలో మొదటి సంవత్సరం అది నెలకు 833 రూపాయలే, నాలుగో సంవత్సరానికి 3,333 అవుతుంది. చదువుకాలంలో వడ్డీ క్రమంగా కట్టినవారికి కొన్ని బ్యాంకులు రేటులో 1 శాతం వరకు తగ్గింపు ఇస్తాయి, మీ మంజూరు పత్రంలో ఆ షరతు ఉందేమో చూడండి. పూర్తిగా కట్టలేకపోతే సగమైనా కట్టండి.

పరీక్ష తప్పి చదువు పొడిగింపు అయితే, నమూనా పథకం ప్రకారం గరిష్ఠంగా రెండేళ్ల వరకు గడువు పెంచే వీలు బ్యాంకుకు ఉంది. కానీ బ్యాంకుకు ఆ సంగతి మీరే చెప్పాలి. కళాశాల నుంచి పత్రం తెచ్చి ఇవ్వకపోతే కంప్యూటరు పాత తేదీ ప్రకారమే వాయిదా మొదలుపెడుతుంది, పిల్లవాడు ఇంకా సప్లిమెంటరీ రాస్తుండగానే ఖాతా బాకీ పడుతుంది.

మూడో అడుగు: వడ్డీ రాయితీ మీకు వర్తిస్తుందో లేదో చూసుకోవడం

కేంద్ర ప్రభుత్వ వడ్డీ రాయితీ పథకం 2009-10 విద్యా సంవత్సరం నుంచి అమలులో ఉంది. తల్లిదండ్రుల మొత్తం వార్షికాదాయం 4 లక్షల 50 వేలు దాటకూడదు. దేశంలోనే గుర్తింపు పొందిన సాంకేతిక, వృత్తి విద్యా కోర్సు అయివుండాలి. రుణం షెడ్యూల్డు బ్యాంకు నుంచి నమూనా పథకం కింద తీసుకున్నదై ఉండాలి. ఈ అర్హతలున్నవారికి విరామ కాలపు వడ్డీ మొత్తం ప్రభుత్వమే భరిస్తుంది. పై లెక్కలోని 1 లక్షా 40 వేలు ఇలాంటి విద్యార్థి నెత్తిన పడనే పడవు. 2018 నుంచి కళాశాలకు న్యాక్ గుర్తింపు గాని, కోర్సుకు ఎన్‌బీఏ గుర్తింపు గాని ఉండాలన్న షరతు వచ్చింది (కళాశాల నాణ్యతను న్యాక్, కోర్సు నాణ్యతను ఎన్‌బీఏ అనే సంస్థలు పరిశీలించి గుర్తిస్తాయి). అందుచేత ప్రవేశానికి ముందే ఆ రెండూ కనుక్కోండి. డిగ్రీకో, పీజీకో ఒక్కసారే ఈ రాయితీ దొరుకుతుంది. చదువు మధ్యలో మానేస్తే పోతుంది. అనారోగ్యం వల్ల మానేసినవారికి మాత్రం, తగిన వైద్య పత్రాలు చూపితే, మినహాయింపు ఉంది.

ఈ రాయితీని విద్యార్థి చేతికి ఇవ్వరు. మీ శాఖ క్లెయిము పెట్టాలి, ఈ పథకం సొమ్మును పంచే నోడల్ బ్యాంకుగా ఉన్న కెనరా బ్యాంకు ద్వారా సొమ్ము మీ రుణ ఖాతాలో జమ అవుతుంది. శాఖ క్లెయిము పెట్టాలంటే ఆదాయ ధ్రువపత్రం దాని దగ్గర ఉండాలి. ఒడిశాలో నివసించే కుటుంబం ఆ పత్రాన్ని తమ తహసీల్దారు నుంచే తీసుకోవాలి. కళాశాల ఆంధ్రలో ఉందని అక్కడి మీసేవలో ప్రయత్నించి నెలలు పోగొట్టుకున్నవారు నాకు తెలుసు. పత్రం ఇచ్చినప్పుడు రసీదు తీసుకోండి. ప్రతి ఏడాది స్టేట్‌మెంటులో రాయితీ జమ పడిందా అని చూడండి, పడకపోతే అదే వారంలో రాసి అడగండి.

పీఎం విద్యాలక్ష్మి అన్నది దీనికన్నా కొత్తది. కేంద్ర మంత్రివర్గం దాన్ని 2024 నవంబరు 6న ఆమోదించింది. జాబితాలో చేర్చిన మేటి విద్యాసంస్థల్లో సీటు వచ్చినవారికి తనఖా గాని, హామీదారు గాని లేకుండా రుణం ఇస్తారు. కుటుంబ ఆదాయం 8 లక్షల వరకు ఉండి, వేరే ప్రభుత్వ ఉపకార వేతనం గాని, వడ్డీ రాయితీ గాని పొందనివారికి, 10 లక్షల వరకు రుణం మీద విరామ కాలంలో 3 శాతం వడ్డీ రాయితీ ఉంటుంది. ఏటా లక్షమంది విద్యార్థులకు ఇది పరిమితం. దరఖాస్తు ఆ పథకపు పోర్టల్‌లోనే పెట్టాలి.

ఒడిశా ప్రభుత్వం 2016లో కళింగ శిక్షా సాథీ యోజన పేరుతో, ఏటా 6 లక్షల వరకు ఆదాయమున్న ఒడిశా కుటుంబాల పిల్లలకు 1 శాతం వడ్డీకే విద్యా రుణం అందే పథకాన్ని ప్రకటించింది. మాతృభాష తెలుగైనంత మాత్రాన మనం ఈ రాష్ట్ర నివాసులం కాకుండా పోము. ఆ కాలంలో రుణం తీసుకున్నవారు తమ ఖాతా ఆ పథకంలో నమోదైందేమో శాఖలో రాతపూర్వకంగా అడగండి, నివాస ధ్రువపత్రం జతచేయండి.

బ్యాంకులు కాని ఫైనాన్సు కంపెనీల రుణాలకు కేంద్ర వడ్డీ రాయితీ వర్తించదు. విదేశీ చదువులకు అల్పసంఖ్యాక వర్గాల వారికి ఉండిన వడ్డీ రాయితీ పథకం 2022-23 నుంచి ఆగిపోయింది, ఇంకా ఉందని చెప్పి దరఖాస్తుకు డబ్బు అడిగే మధ్యవర్తులను నమ్మవద్దు.

నాలుగో అడుగు: మీ ఆదాయానికి తగిన చెల్లింపు తీరు ఎంచుకోవడం

మొదటి ఉద్యోగంలో జీతం తక్కువ, మరో రెండు మూడేళ్లలో పెరుగుతుందన్న ఆశ ఉంటే, మొదట చిన్న వాయిదాలు, తరువాత పెద్ద వాయిదాలు ఉండే మెట్ల పద్ధతి అడగండి. నమూనా పథకంలో దీనికి చోటు ఉంది. గడువు పెంచుకోవడం రెండో మార్గం. పై లెక్కలోని 5 లక్షల 40 వేలను పదేళ్లకు బదులు పదిహేనేళ్లలో తీరిస్తే వాయిదా 7,136 నుంచి 5,803కు దిగుతుంది, కానీ మొత్తం మీద 1 లక్షా 88 వేలు ఎక్కువ కడతారు. ఇల్లు గడవని పరిస్థితిలో గడువు పెంచుకోవడం తప్పేమీ కాదు, వాయిదా తప్పడం కన్నా అది ఎంతో మేలు. జీతం పెరిగాక అదనంగా కట్టి ఆ నష్టాన్ని పూడ్చుకోవచ్చు. వ్యక్తులు మారే వడ్డీ రేటుకు తీసుకున్న ఇలాంటి రుణాన్ని ముందే తీర్చినందుకు జరిమానా వసూలు చేయడాన్ని రిజర్వు బ్యాంకు నిషేధించింది. పదేళ్ల లెక్కలో నెలకు 500 రూపాయలు అదనంగా కట్టినా, రుణం దాదాపు ఏడాది ముందే తీరి, 37 వేల వరకు మిగులుతుంది. అదనపు సొమ్మును అసలులోనే జమ వేయమని రాసి ఇవ్వండి.

వడ్డీ రేటు తగ్గినప్పుడు మీ ఖాతాలోనూ తగ్గిందో లేదో చూడటం మరిచిపోవద్దు. 2025లో రిజర్వు బ్యాంకు రెపో రేటు (అది బ్యాంకులకు అప్పిచ్చే వడ్డీ రేటు) 6.50 శాతం నుంచి 5.25 శాతానికి దిగింది. 2019 అక్టోబరుకు ముందు తీసుకున్న రుణాలు చాలావరకు పాత పద్ధతి రేట్లలోనే ఉండిపోయాయి, వాటిని రెపో ఆధారిత రేటుకు మార్చమని దరఖాస్తు పెట్టుకోవచ్చు. రేటు మారినప్పుడు వాయిదా మార్చాలా, గడువు మార్చాలా, రెండూనా అన్నది ఎంచుకునే వీలు రుణగ్రహీతకు ఇవ్వాలని 2023 ఆగస్టులో రిజర్వు బ్యాంకు చెప్పింది.

పన్ను కట్టేవారికి ఒక్క మాట. 1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలోని 80ఇ సెక్షను, పాత పన్ను విధానం ఎంచుకున్నవారికి, కట్టిన వడ్డీ మొత్తాన్ని ఎనిమిదేళ్లపాటు ఆదాయం నుంచి తగ్గించి చూపుకునే వీలు ఇచ్చింది. కొత్త పన్ను విధానంలో ఆ వీలు లేదు.

ఐదో అడుగు: కట్టలేని నెల వచ్చినప్పుడు

మీరు మిగిలినదంతా మరిచిపోయినా ఈ భాగం గుర్తుంచుకోవాలని నా కోరిక. వాయిదా తప్పిన 90 రోజులు దాటితే ఖాతా నిరర్థక ఆస్తి, అంటే బ్యాంకు లెక్కలో మొండి బాకీ, అవుతుంది. అంతకుముందే 30, 60, 90 రోజుల మెట్ల మీద బ్యాంకు దాన్ని ప్రత్యేక జాబితాలో చేరుస్తుంది. ఆ దెబ్బ పిల్లవాడి సిబిల్ స్కోరుకే (అప్పులు ఎంత క్రమంగా తీర్చారో చూపే సంఖ్య) కాదు, సహరుణగ్రహీత అయిన తండ్రికీ తగులుతుంది. రాయగడ దగ్గర ఒక రైతు పంట రుణం పునరుద్ధరణకు వెళితే, కూతురి నర్సింగు రుణంలో మూడు వాయిదాలు తప్పిన సంగతి అక్కడి మేనేజరు నోట మొదటిసారి విన్నాడు. హైదరాబాదులో ఉన్న కూతురు నాన్నకు చెబితే కంగారు పడతాడని చెప్పలేదట. బెంగ పెట్టకూడదన్న ఆ ప్రేమే ఆయనకు ఆ సీజను పెట్టుబడి లేకుండా చేసింది. ఇంట్లో చెప్పండి, ఆ వెంటనే బ్యాంకుకు చెప్పండి.

ఎలా చెప్పాలంటే, మొదటి వాయిదా తప్పక ముందే, లేదా తప్పిన వారం లోపు, ఒక పేజీ దరఖాస్తు రాయండి. రుణ ఖాతా సంఖ్య, ఉద్యోగం పోయిన లేదా జీతం ఆగిన తేదీ, ప్రస్తుతం నెలకు ఎంత కట్టగలరు, ఎన్ని నెలల విరామం కావాలి, ఆ తరువాత ఎలా తీరుస్తారు అన్న ఐదు విషయాలు చాలు. కష్టాల చరిత్ర అక్కరలేదు. కంపెనీ ఇచ్చిన తొలగింపు పత్రం, ఆసుపత్రి కాగితం వంటి రుజువు జతచేయండి. 2015లో సవరించిన నమూనా పథకంలో, ఉద్యోగం లేని లేదా చాలీచాలని జీతం ఉన్న కాలాలకు, రుణ కాలం మొత్తంలో రెండు మూడు సార్లు విరామం ఇచ్చే వీలు చేర్చారు. సొంతంగా అంకుర సంస్థ పెట్టుకునేవారికీ అలాంటి వీలుంది. ఇవి ఇవ్వడం, ఇవ్వకపోవడం బ్యాంకు విచక్షణ. కాబట్టి "విద్యా రుణ నమూనా పథకంలోని నిరుద్యోగ కాల విరామం కోరుతున్నాను" అని స్పష్టంగా పేరు పెట్టి అడగండి. నోటిమాటగా అడిగితే "చూద్దాం" అన్న జవాబే వస్తుంది. రెండు ప్రతులు తీసుకెళ్లి ఒకదాని మీద తేదీతో ముద్ర వేయించుకోండి. ముద్ర వేయడానికి ఒప్పుకోకపోతే స్పీడ్ పోస్టులో పంపండి.

జవాబు వచ్చేదాకా చేతిలో ఉన్నంత కట్టండి. ఖాతాలో డబ్బు లేదని తెలిసీ ఆటో డెబిట్‌ను అలాగే వదిలేయవద్దు. రుణం కట్టలేకపోవడం సివిల్ వ్యవహారమే, దానికోసం ఎవరూ అరెస్టు చేయరు. కానీ చెక్కు బౌన్సయినా, ఆటో డెబిట్ తిరిగివచ్చినా చట్టప్రకారం క్రిమినల్ కేసు పెట్టే వీలు బ్యాంకుకు ఉంటుంది. ఈ రెండింటి తేడా తెలియక భయపడేవారు కొందరు, అజాగ్రత్త పడేవారు కొందరు. అలాగే బంగారం కుదువపెట్టో, చేబదులు తెచ్చో విద్యా రుణపు వాయిదా కట్టడం ఒకటి రెండు నెలలకే పనికొస్తుంది. అది అలవాటైతే తక్కువ వడ్డీ అప్పును ఎక్కువ వడ్డీ అప్పుతో తీరుస్తున్నట్టే.

ఆలస్యానికి వేసే జరిమానా మీద మళ్లీ వడ్డీ కట్టించకూడదని 2024 ఏప్రిల్ నుంచి నిబంధన ఉంది. స్టేట్‌మెంటులో అలా కనిపిస్తే ప్రశ్నించండి. వసూలు ఏజెంట్లు ఉదయం 8 గంటలకు ముందు, సాయంత్రం 7 గంటల తరువాత ఫోను చేయకూడదు. చుట్టాలకు, ఇరుగుపొరుగుకు చెప్పి పరువు తీస్తామని బెదిరించకూడదు. అలా జరిగితే తేదీ, సమయం రాసి పెట్టుకుని బ్యాంకుకు ఫిర్యాదు చేయండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు సరిగా లేకపోయినా బ్యాంకుల మీద ఫిర్యాదులు పరిష్కరించే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా ఫిర్యాదు చేయవచ్చు. దాని టోల్‌ఫ్రీ నంబరు 14448.

ఆరో అడుగు: ఖాతా ఇప్పటికే చెడిపోయి ఉంటే

ముందుగా రెండు అపోహలు తొలగించుకోవాలి. బ్యాంకు తన పుస్తకాల్లో రుణాన్ని రైటాఫ్ చేసిందంటే, అంటే రాని బాకీగా లెక్క కొట్టేసిందంటే, అది మాఫీ కాదు, వసూలు చేసే హక్కు బ్యాంకుకు అలాగే ఉంటుంది. రెండోది, 7 లక్షల 50 వేల వరకు ఉన్న విద్యా రుణాలకు ప్రభుత్వ పరపతి హామీ నిధి ఉంది, అది బ్యాంకు నష్టంలో 75 శాతం భరిస్తుంది. ఆ నిధి బ్యాంకుకు చెల్లించినంత మాత్రాన మీ బాకీ తీరినట్టు కాదు.

బాకీ మొత్తం ఒకేసారి కొంత తగ్గింపుతో తీర్చే ఒప్పందాన్ని వన్ టైమ్ సెటిల్‌మెంట్ అంటారు. అసలుకన్నా వడ్డీలోనూ, జరిమానాలోనూ తగ్గింపు ఎక్కువగా దొరుకుతుంది. దీనికి వెల ఉంది: సిబిల్ నివేదికలో ఖాతా "మూసివేశారు" అని కాక "సెటిల్ చేశారు" అని ఉండిపోతుంది, ఇంటి రుణానికి వెళ్లినప్పుడు అది అడ్డొస్తుంది. అందుచేత సాధ్యమైతే వాయిదాల పునర్వ్యవస్థీకరణ అడగండి, ఏ దారీ లేనప్పుడే సెటిల్‌మెంటుకు వెళ్లండి. వెళితే, ఒప్పుకున్న మొత్తం, చివరి తేదీ, అది కట్టాక ఇక బాకీ లేదన్న మాట, ఈ మూడూ బ్యాంకు లెటర్‌హెడ్ మీద చేతికి వచ్చాకే డబ్బు కట్టండి. ఏజెంటు మాట మీద, ఏజెంటు ఖాతాలోకి రూపాయి కూడా వేయవద్దు.

రాజీతో కేసులు తీర్చే జాతీయ లోక్ అదాలత్ రోజున బ్యాంకులు ఇలాంటి ఖాతాలను ఎక్కువగా తెస్తాయి. అక్కడ కోర్టు ఫీజు లేదు, కుదిరిన తీర్పు మీద అప్పీలూ లేదు. అందుకే నోటీసు రాగానే జిల్లా న్యాయ సేవల ప్రాధికార సంస్థకు వెళ్లి, ముందుగా ఒక వకీలుతో మాట్లాడి, ఎంత వరకు ఒప్పుకోవాలో నిశ్చయించుకుని కూర్చోండి. మహిళలకు, ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ఆదాయంతో పనిలేకుండా అక్కడ న్యాయ సహాయం ఉచితం. ఫోను నంబరు 15100.

బాకీని ఒప్పుకుంటున్నట్టు సంతకం పెట్టమని బ్యాంకు ఒక కాగితం పంపవచ్చు. సంతకం పెడితే దావా వేసే మూడేళ్ల గడువు ఆ రోజు నుంచి కొత్తగా మొదలవుతుంది. బాకీ నిజమైనప్పుడు ఒప్పుకోవడంలో తప్పు లేదు, కానీ అందులో రాసిన మొత్తం స్టేట్‌మెంటుతో సరిపోయిందా అని చూసుకోకుండా, ఖాళీలు ఉన్న కాగితం మీద మాత్రం సంతకం పెట్టవద్దు.

ఇల్లు తనఖా ఉన్న పెద్ద రుణాల్లో 2002 నాటి సర్ఫేసీ చట్టం (కోర్టుకు వెళ్లకుండానే తనఖా ఆస్తిని స్వాధీనం చేసుకోనిచ్చేది) కింద బ్యాంకు 60 రోజుల నోటీసు ఇస్తుంది. ఆ నోటీసుకు రాతపూర్వకంగా అభ్యంతరం తెలిపే హక్కు మీకుంది, తెలిపితే 15 రోజుల్లో బ్యాంకు జవాబివ్వాలి. వ్యవసాయ భూమికీ, లక్ష రూపాయలకు మించని బాకీకీ ఆ చట్టం వర్తించదు. తనఖా లేకుండా ఇచ్చిన రుణానికి, కోర్టు తీర్పు లేకుండా మీ ఇంటి జోలికి ఎవరూ రాలేరు.

విద్యార్థి మరణించిన ఇంటి గురించి కూడా చెప్పక తప్పదు. రుణంతో పాటు బీమా తీసుకుని ఉంటే, స్టేట్‌మెంటులో ఒకే విడతగా ప్రీమియం పేరుతో ఖర్చు కనిపిస్తుంది. దుఃఖంలో ఉన్న కుటుంబానికి ఆ సంగతి గుర్తుండదు, బ్యాంకూ ఒక్కోసారి చెప్పదు. దగ్గరివారెవరైనా ఆ స్టేట్‌మెంటు తిరగేసి, మరణ ధ్రువపత్రంతో క్లెయిము పెట్టించాలి. బీమా లేకపోతే బాధ్యత సహరుణగ్రహీతల మీదనే ఉంటుంది. అప్పుడు వడ్డీ, జరిమానా రద్దు చేయమని బ్యాంకు ప్రాంతీయ కార్యాలయానికి నేరుగా రాయండి.

చివరి అడుగు: రుణం తీరిన రోజు

చివరి వాయిదా కట్టగానే పని అయిపోయిందని ఇంటికి వెళ్లవద్దు. ఖాతాలో పైసలు, జరిమానా మిగిలి ఉన్నాయేమో చూసి సున్నా చేయించి, బాకీ లేదన్న ధ్రువపత్రం తీసుకోండి. తనఖా పత్రాలను 30 రోజుల లోపు తిరిగి ఇవ్వాలి, ఆలస్యానికి బ్యాంకే కారణమైతే రోజుకు 5,000 రూపాయల చొప్పున మీకు చెల్లించాలి. ఈ నిబంధన 2023 డిసెంబరు 1 నుంచి ఉంది. పత్రాలు తీసుకునేటప్పుడు మొదట్లో ఇచ్చిన జాబితాతో ఒక్కొక్కటీ సరిచూసుకోండి. పాత పట్టాలు ఒడియాలో ఉంటే చదవగలిగిన వారిని వెంట తీసుకెళ్లండి.

రెండు నెలల తరువాత మీదీ, సహరుణగ్రహీతదీ క్రెడిట్ నివేదికలు తీయండి. ఏడాదికి ఒకసారి సిబిల్ వంటి ప్రతి క్రెడిట్ సమాచార సంస్థ ఉచితంగా ఇస్తుంది. ఖాతా ఇంకా బాకీగానే కనిపిస్తే ఫిర్యాదు చేయండి, 30 రోజులు దాటి సరిచేయకపోతే రోజుకు 100 రూపాయల పరిహారం మీకు రావాలి. నా రుణం తీరిన ఏడాదికి కూడా మా నాన్న నివేదికలో ఆ ఖాతా తెరిచే ఉంది, ఆయన పేరు అందులో ఇంటిపేరు లేకుండా నమోదైంది. ధ్రువపత్రం నకలు, పేర్ల అఫిడవిట్ జతచేసి పంపాక మూడు వారాల్లో మూసివేశారు. ఆ రెండు కాగితాలనూ ఇప్పటికీ ఇంటి పట్టాతో పాటే దాచి ఉంచాను.